నిలబడి చూసే చోటు: ఇంటర్మీడియట్ రెండేళ్ళు, ఆర్కిటెక్చర్ చదువు, మన ఆడపిల్లలు

(మహిళా సంఘాల కార్యకర్తలకు, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగులకు ఏర్పాటు చేసిన శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల పైచదువుల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు నాకొక జాబితా ఇచ్చారు. బాల్యవివాహాలు, చదువు మానేయటం, హాస్టళ్ళ పరిస్థితి, ప్రేమ పేరుతో దాడులు. అన్నీ ముఖ్యమైనవే. వాటి మీద ఇక్కడున్న మీలో చాలామంది నాకంటే ఎక్కువ పనిచేశారు. అందుకని వాళ్ళ అనుమతితోనే జాబితాలో లేని విషయం ఒకటి తీసుకున్నాను. అది ఇళ్ళూ ఊళ్ళూ ఎలా ఉండాలో గీసే చదువు, ఆర్కిటెక్చర్. ఇంటర్ చదివే రెండేళ్ళలో ఒక ఆడపిల్ల ఆ చదువుకు ఎలా సిద్ధమవుతుంది, ఎందుకు సిద్ధం కాలేకపోతుంది అన్నదే ఇవాళ నా మాట.

"అది పట్నాల్లో డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే చదువు గదా, మన సంఘాలకు దాంతో ఏం పని?" అని మీకు అనిపించవచ్చు. ఒక మండల సమావేశంలో ఒక అక్క నన్ను సూటిగా ఇదే అడిగింది. మీ కాలనీలో ఇళ్ళ పట్టాలు ఎవరి పేరు మీద వచ్చాయక్కా అని అడిగాను. ఆడవాళ్ళ పేరు మీదే అంది. మరి ఇంటి ప్లాను ఎవరు గీశారు అన్నాను. నవ్వి ఊరుకుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలుపెట్టి సుమారు 30 లక్షల ఇళ్ళస్థలాల పట్టాలు స్త్రీల పేరు మీద ఇచ్చారు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48 గజాల పైచిలుకు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. తెలంగాణలో 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. పట్టా మీద స్త్రీ పేరు ఉండటం మన పోరాటాల ఫలితమే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ 340 అడుగుల్లో పొయ్యి దగ్గర గాలి ఎటునుంచి రావాలి, స్నానాలగది తలుపు ఎటు తెరుచుకోవాలి, లోపలి బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి, బాలింత ఎక్కడ పడుకోవాలి, ఇంటికి నలుగురు మగవాళ్ళు వస్తే ఎదిగిన పిల్ల ఎక్కడ కూర్చుని చదువుకోవాలి అని ఎవరైనా ఆమెను అడిగారా? ఆ నమూనా గీసిన గదిలో ఈ ప్రశ్న వేసే మనిషి ఉందా? లేకపోతే ఆ మనిషి ఎక్కణ్ణుంచి రావాలి?

ఇది కొత్త ప్రశ్న కాదు. 1980లో లండన్‌లో కొందరు స్త్రీవాద ఆర్కిటెక్టులు మ్యాట్రిక్స్ అనే బృందంగా ఏర్పడ్డారు. స్త్రీల సంఘాలతో కలిసి కూర్చుని, వాళ్ళకు ప్లాను చదవటం నేర్పి, వాళ్ళ మాట విని భవనాలు గీశారు. 1984లో 'మేకింగ్ స్పేస్' అనే పుస్తకం తెచ్చారు. గోడలకూ గుమ్మాలకూ జెండర్ ఉంటుందని, మగవాడి రోజువారీ జీవితాన్ని ప్రమాణంగా పెట్టుకుని కట్టిన ఊళ్ళో స్త్రీ అడుగడుగునా సర్దుకుపోవాల్సి వస్తుందని వాళ్ళు వాదించారు. మనకు ఆ మాట చెప్పగల ఆడపిల్లలు మన కాలనీల నుంచే రావాలని నా కోరిక. వాళ్ళు రావాల్సిన దారి ఇంటర్మీడియట్ దగ్గరే మూసుకుపోతోంది.

ముందుగా ఆ దారి ఎలా ఉంటుందో చెబుతాను. ఎందుకంటే మన కార్యకర్తలకే కాదు, జూనియర్ కాలేజీ లెక్చరర్లలో కూడా చాలామందికి ఇది తెలియదు. బి.ఆర్క్. అయిదేళ్ళ చదువు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ దీన్ని నియంత్రిస్తుంది. ఆ కౌన్సిల్‌లో పేరు నమోదైనవాళ్ళు తప్ప ఇంకెవరూ తమను తాము ఆర్కిటెక్టు అని చెప్పుకోకూడదు. చేరాలంటే ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండి తీరాలి. లెక్కలతో మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్ళకూ అర్హత ఉంది. ప్రవేశ పరీక్షలు రెండు. ఒకటి కౌన్సిల్ వాళ్ళు 2006 నుంచి పెడుతున్న నాటా. రెండోది జె.ఇ.ఇ. మెయిన్‌లో రెండో పేపరు. కేంద్ర ప్రభుత్వం 2008లో విజయవాడలో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చేరాలంటే జె.ఇ.ఇ. రెండో పేపరే రాయాలి. హైదరాబాదు మాసబ్ ట్యాంకులో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల రాష్ట్ర సీట్లకు ప్రవేశ పరీక్ష మార్కులు సగం, ఇంటర్ మార్కులు సగం లెక్కవేసి ర్యాంకు ఇస్తారు. వృత్తివిద్యా సీట్లలో స్త్రీలకు మూడోవంతు రిజర్వేషను ఉంది. ఎస్.సి., ఎస్.టి., బి.సి. వాటాల్లోనూ అదే లెక్క.

చూడండి, ఇందులో ఎంసెట్ ఎక్కడా రాలేదు. ఇప్పుడు దాని పేరు మారింది గానీ జనం నోట్లో అది ఎంసెట్టే. మన జూనియర్ కాలేజీల గడియారాలన్నీ దాని చుట్టూ, నీట్ చుట్టూ తిరుగుతాయి. వాటిలో లేని చదువు అసలు లోకంలోనే లేనట్టు. ఒక పట్టణంలో రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఆర్కిటెక్చర్‌కు ఏ పరీక్ష రాయాలని అడిగితే, సివిల్ ఇంజనీరింగ్ తీసుకో, అదే ఇదీ ఒకటే అని వాళ్ళ లెక్చరరు చెప్పాడట. సివిల్ ఇంజనీరు ఆ కట్టడం కూలకుండా చూస్తాడు. ఆ కట్టడంలో ఎవరు ఎలా బతుకుతారన్నది ఆర్కిటెక్టు చూడాలి. రెండూ కావాలి, కానీ ఒకటి కాదు.

ఇక గ్రూపు సంగతి. మన రాష్ట్రంలో 1969-70లో పి.యు.సి. పోయి రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది. అప్పటి నుంచి పదిహేనేళ్ళ పిల్ల జీవితంలో అతి పెద్ద నిర్ణయం 'గ్రూపు తీసుకోవటం'. తీసుకోవటం అని మాటవరసకు అంటున్నాం. ఎక్కువ ఇళ్ళల్లో తండ్రో, మేనమామో, ఇంటికొచ్చి కూర్చున్న కార్పొరేట్ కాలేజీ పి.ఆర్.ఓ.నో తీసుకుంటాడు. అన్నకు ఎం.పి.సి., చెల్లికి సి.ఇ.సి. లేదంటే నర్సింగుకు పనికొస్తుందని బై.పి.సి. లెక్కలు మగపిల్లల సొత్తన్న భావన మన సామాజికీకరణలో ఎంత లోతుగా ఉందంటే, పదో తరగతిలో లెక్కల్లో తొంభై పైన తెచ్చుకున్న అమ్మాయి కూడా "నాకు లెక్కలు రావు మేడమ్" అంటుంది. దూరం మరో కారణం. ఊళ్ళో ఉన్న కాలేజీలో ఏ గ్రూపు ఉంటే ఆడపిల్లకు ఆ గ్రూపు. మగపిల్లవాడికి బస్సుపాసు, ఆడపిల్లకు సర్దుబాటు. లెక్కలు వదిలిన ఆ వేసవిలోనే ఆర్కిటెక్చర్ తలుపు మూసుకుంటుంది. మూసుకుందని ఆ పిల్లకు తెలియను కూడా తెలియదు. తెలియనిదాన్ని పోగొట్టుకున్నామని ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, అందుకే ఇది మన కేసుల రిజిస్టర్లలోకి ఎక్కదు.

సరే, ఎం.పి.సి.లో చేరిందనుకుందాం. ఇప్పుడు పరీక్ష ఎలా ఉంటుందో చూద్దాం. జె.ఇ.ఇ. రెండో పేపరు మొత్తం 400 మార్కులు. లెక్కలకు 100. ఆప్టిట్యూడ్‌కు 200. బొమ్మలకు 100. నాటా 200 మార్కులకు ఉంటుంది, అందులో 80 మార్కులు కాగితం మీద చేత్తో గీసి, చేసి చూపించాల్సినవి. ఆప్టిట్యూడ్ అంటే ఒక వస్తువును పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది, మడిచిన కాగితాన్ని కత్తిరించి విప్పితే ఏ ఆకారం వస్తుంది, ఫలానా కట్టడం ఎక్కడుంది, ఎవరు కట్టారు, ఇలాంటివి. అంటే 400లో 300 మార్కులకు మన రెండేళ్ళ చదువులో ఒక్క గంట కూడా పాఠం లేదు. డ్రాయింగ్ మాస్టారు హైస్కూల్లోనే అరుదైపోయాడు, ఇంటర్‌లో అసలే లేడు. కోచింగ్ కావాలంటే హైదరాబాదో, విజయవాడో, విశాఖో పోవాలి.

ఇక్కడొక పాత వాదన గురించి చెప్పాలి. ఆడవాళ్ళకు దిక్కులు తెలియవని, ఆకారాన్ని మనసులో తిప్పి చూడలేరని మానసిక శాస్త్రం పేరుతో చాలాకాలంగా చెబుతున్నారు. అమెరికాలో షెరిల్ సోర్బీ అనే ఇంజనీరింగ్ ఆచార్యురాలు మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో 1993 నుంచి ఒక పని చేసింది. మొదటి సంవత్సరంలో ఈ తిప్పి చూసే పరీక్షలో వెనకబడ్డ విద్యార్థులకు చిన్న కోర్సు ఒకటి పెట్టింది. దిమ్మెలు పట్టుకుని చూడటం, చేత్తో గీయటం, మళ్ళీ గీయటం. వాళ్ళ మార్కులు పెరిగాయి. ఆ కోర్సు చేసిన ఆడపిల్లలు ఇంజనీరింగ్ వదిలి వెళ్ళటం కూడా తగ్గింది. పుట్టుకతో లేదన్నది నేర్పితే వచ్చింది. మనం అడగాల్సింది, నేర్చుకునే అవకాశం ఇన్నాళ్ళు ఎవరికి దొరికింది అని. చిన్నప్పటి నుంచి సైకిలు విప్పి బిగించిందెవరు, చెట్టెక్కిందెవరు, ఊరి చివరిదాకా నడిచి మరో దారిన తిరిగి వచ్చిందెవరు?

మన ఆడపిల్లల చేతిలో నైపుణ్యం లేదని కాదు. సంక్రాంతి నెలలో ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు ఒక్క చుక్క తప్పకుండా తిప్పే పిల్లకు సౌష్ఠవం గురించి నేర్పేదేముంది? కానీ దీన్ని మరీ పొగడటం కూడా నాకు ఇష్టం లేదు. మన సభల్లో ముగ్గు గురించి చాలా అందంగా మాట్లాడి చప్పట్లు కొట్టించుకోవటం ఒక అలవాటైంది. ముగ్గు గడప ముందు వేస్తారు. తల వంచి, వంగి, పైనుంచి చూస్తూ వేస్తారు. పరీక్షలో అడిగేది తల ఎత్తి నిలబడి చూసిన బొమ్మ.

ఒక చిన్న పట్టణంలో కొందరు యువకులు వేసవిలో ఉచితంగా బొమ్మల తరగతి పెడితే వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ రోజు ఇచ్చిన అంశం, సాయంత్రం వేళ బస్టాండు. జ్ఞాపకం నుంచి గీయాలి. ఈ పరీక్షల్లో అలాంటివే అడుగుతారు. సంత, రైలు ప్లాట్‌ఫారం, టీ కొట్టు, కడుతున్న భవనం. మగపిల్లల కాగితాల మీద బస్టాండు మొత్తం దిగింది. టీ కొట్టు, స్తంభానికి చేరగిలబడ్డ మనుషులు, బస్సు పైకెక్కి మూటలు కడుతున్నవాడు, వెనక సినిమా పోస్టర్లు. ఆడపిల్లలు అయిదుగురున్నారు. ఇద్దరు స్త్రీల విశ్రాంతి గదిలో బెంచీ గీశారు. ఒకమ్మాయి కాగితం చుట్టూ కిటికీ చట్రం గీసి, అడ్డ కడ్డీలు పెట్టి, వాటి మధ్య నుంచి కనిపించే ముక్కలు ముక్కలుగా బస్టాండు గీసింది. ఆమె రోజూ బస్టాండు చూసేది బస్సు కిటికీలోంచే. దిగాక తల దించుకుని కాలేజీకి నడుస్తుంది, ఆగదు. తరగతి చెప్పే అబ్బాయి మంచివాడే, "దృశ్యం సరిపోలేదు, దూరం రాలేదు" అన్నాడు. పరీక్ష దిద్దేవాళ్ళు కూడా అదే అంటారు. నిజానికి ఆ పిల్ల తాను చూసింది చూసినట్టు గీసింది. ఆమె గీతలో లోపం లేదు. ఆమెకు నిలబడి చూసే చోటు లేదు.

ఈ మాట మీద కాసేపు ఆగుతాను. ఆర్కిటెక్చర్‌కు సిద్ధం కావటమంటే పుస్తకం ముందు కూర్చోవటం కాదు. వీధిలో నిలబడాలి. పాత మండువా ఇంట్లో వాన నీళ్ళు ఎటు పోతాయో చూడాలి. గుడి మండపంలో మధ్యాహ్నం పూట ఎందుకు చల్లగా ఉందో చూడాలి. మేస్త్రి గుండు వేలాడదీసి గోడ నిలువు చూస్తుంటే పక్కన నిలబడి అడగాలి. దేనికీ పని చెప్పుకోనక్కర్లేకుండా ఊళ్ళో తిరగాలి. మన ఇళ్ళల్లో ఆడపిల్ల తిరుగుడు మీద అన్నిటికంటే గట్టి కట్టడి ఏ వయసులో పడుతుంది? సరిగ్గా ఈ రెండేళ్ళలో. పదహారు, పదిహేడు. పదో తరగతి వరకు సైకిలు తొక్కిన పిల్లను ఇంటర్‌లో ఆటో ఎక్కిస్తారు. రెసిడెన్షియల్ కాలేజీ అయితే మరీ నయం. అపార్టుమెంటు లాంటి భవనం, కిటికీలకు జాలీ, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, నెలకొకసారి ఔటింగు, అదీ తండ్రి సంతకంతో. రక్షణ పేరుతో ఆ పిల్ల రెండేళ్ళు ఏ వీధినీ చూడదు. ఆ రెండేళ్ళ చివర వీధి గీయమని పరీక్ష పెడతారు.

2011లో వచ్చిన 'వై లాయిటర్' అనే పుస్తకం మీలో కొందరు చూసి ఉంటారు. ముంబయి వీధుల్లో స్త్రీలు పని లేకుండా నిలబడే హక్కు గురించి ముగ్గురు స్త్రీలు కలిసి రాశారు. శిల్పా ఫడ్కే సమాజశాస్త్రవేత్త, సమీరా ఖాన్ పాత్రికేయురాలు, శిల్పా రానడే ఆర్కిటెక్టు. ఆ మూడో మనిషి ఆ బృందంలో ఉండటం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. ఎక్కడ బెంచీ ఉంది, ఎక్కడ దీపం ఉంది, ఎక్కడ గోడ కళ్ళకు అడ్డంగా ఉంది అని చూడటం ఆమె వృత్తి.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. అవీ రెండేళ్ళవే. కాలిఫోర్నియాలో అలాంటి కాలేజీలు కొన్నిటిలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీలో లాగా. అక్కడ రెండేళ్ళు గీయటం, నమూనాలు చెయ్యటం నేర్చుకుని, తాము చేసిన పనిని ఒక పోర్ట్‌ఫోలియోగా కూర్చి, పెద్ద విశ్వవిద్యాలయానికి బదిలీ కోసం దరఖాస్తు పెట్టుకుంటారు. ఫీజు తక్కువ. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చదివేవాళ్ళు, పిల్లలున్న తల్లులు, వలస వచ్చిన కుటుంబాల వాళ్ళు ఎక్కువగా ఈ దారిన వస్తారు. అమెరికాను ఆదర్శంగా పెట్టాలని నేను చెప్పటం లేదు. అక్కడా బదిలీ దొరకని వాళ్ళున్నారు, తీసుకున్న క్రెడిట్లు చెల్లక మళ్ళీ మొదటి నుంచి చదివేవాళ్ళున్నారు. కానీ రెండేళ్ళ కాలేజీ అంటే చెయ్యి సాధకం చేసే చోటు కావచ్చునన్న ఆలోచన మనకు అసలు రానేలేదు. మన దగ్గర ఆ పాత్ర కొంతవరకు పోషించగలిగేవి పాలిటెక్నిక్‌లు. పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమాలో చేరితే మూడేళ్ళలో గీత వస్తుంది, లెక్కలు ఉంటాయి, తర్వాత బి.ఆర్క్.కు అర్హత ఉంటుంది. పేద ఇంటి పిల్లకు ఇది మంచి దారి. చిక్కల్లా డిప్లొమా దగ్గరే ఆపేయటం. ఎవరో ఒకరి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, మరొకరు ఆలోచించింది గీసిపెట్టే 'ఆటోక్యాడ్ అమ్మాయి'గా మిగిలిపోవటం. సైటుకు మగవాడు, ఏసీ గదిలో మౌసు పట్టుకోవటానికి ఆడపిల్ల. కొత్త వృత్తిలో పాత శ్రమ విభజనే.

ఇప్పుడు ఏ ఆడపిల్లల గురించి మాట్లాడుతున్నామో స్పష్టం చేసుకోవాలి. నగరాల్లోని ఆర్కిటెక్చర్ కాలేజీలకు వెళ్ళి చూడండి, ఆడపిల్లలు తక్కువేమీ లేరు. మధ్యతరగతి తల్లిదండ్రులకు ఇది ఇప్పుడు నాజూకైన చదువు. బొమ్మలు, ఇంటీరియర్లు, ఇంట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు, పెళ్ళి సంబంధాలకు బావుంటుంది. ఇంగ్లీషు మీడియం, కోచింగు, ఇంట్లో కారు ఉన్న పిల్లలు వస్తున్నారు. రావాలి కూడా. రానివాళ్ళు ఎవరంటే ఇల్లు కట్టటం కళ్ళారా చూస్తూ పెరిగిన పిల్లలు. రాయి కొట్టే, మట్టి తవ్వే వడ్డెర కుటుంబాల పిల్లలు. తాపీ మేస్త్రుల కూతుళ్ళు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వలస వెళ్ళి సైటు మీద రేకుల షెడ్డులో పెరిగిన పిల్లలు. నాకు తెలిసిన ఒక మేస్త్రిగారమ్మాయి గది కొలతలు చెబితే ఎన్ని ఇటుకలు, ఎన్ని సిమెంటు బస్తాలు పడతాయో నోటిలెక్కన చెబుతుంది. ఆమె సి.ఇ.సి. చదివింది. తల్లి ఇరవయ్యేళ్ళుగా అదే పనిలో తట్ట మోస్తోంది. ఆమెకు తాపీ ఎవరూ ఇవ్వలేదు. స్త్రీ తట్ట మోస్తుంది, పురుషుడు గోడ కడతాడు, ఇది మారనిదేమీ కాదు. జార్ఖండ్‌లో స్వచ్ఛభారత్ మరుగుదొడ్లు కట్టటానికి వేల మంది స్త్రీలు తాపీ పని నేర్చుకున్నారు, వాళ్ళను అక్కడ రాణీ మిస్త్రీలంటారు.

చరిత్ర చూసినా ఈ విషయం తెలుస్తుంది. మన దేశంలో తొలి మహిళా ఆర్కిటెక్టుగా చెప్పుకునే పెరిన్ మిస్త్రీ 1936లో బొంబాయి జె.జె. స్కూల్లో డిప్లొమా పొందింది. ఆమె తండ్రిదీ అదే వృత్తి, ఇంటిపేరులోనే మేస్త్రీ ఉన్నాడు. ఇంట్లో డ్రాయింగు బల్ల ఉన్న పిల్ల ముందు వచ్చింది. మన మేస్త్రీల ఇళ్ళల్లో బల్ల లేదు, అంతే తేడా. వచ్చినవాళ్ళను వృత్తి ఎలా చూసిందన్నది వేరే కథ. ఈ రంగంలో అతి పెద్దదిగా చెప్పే ప్రిట్జ్‌కర్ బహుమతి 1991లో రాబర్ట్ వెంచూరీకి ఇచ్చి, ఆయనతో కలిసి పనిచేసిన భార్య డెనిస్ స్కాట్ బ్రౌన్‌ను వదిలేశారు. 1979లో మొదలైన ఆ బహుమతి ఒక స్త్రీకి, జహా హదీద్‌కు, 2004లో గానీ రాలేదు. ఆ జహా మొదట చదివింది లెక్కలే, బేరూత్‌లో. గ్రూపు తీసుకునే పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

చేరిన తర్వాతి కష్టాలు త్వరగా చెప్పి ముగిస్తాను. ఫీజు రీయింబర్స్‌మెంటు ఫీజుకే. డ్రాయింగు షీట్లు, నమూనాలకు అట్టలు, ప్రింట్లు, ల్యాప్‌టాప్, చదువు యాత్రలు అన్నీ సొంత ఖర్చు. మొదటి సంవత్సరంలోనే డబ్బు లేక వెనక్కి వచ్చేవాళ్ళు ఉంటారు. దాత ఎవరైనా ఫీజు కడతామంటే, అమ్మా, ఫీజు వద్దు, ల్యాప్‌టాప్ కొనిపెట్టండి అని చెప్పాలి. రెండోది రాత్రి పని. ఈ చదువులో స్టూడియోలో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోక తప్పదు. అబ్బాయిలు కూర్చుంటారు, అమ్మాయిలు హాస్టలు గేటు మూసేలోగా పరుగెత్తుతారు. 2015లో ఢిల్లీలో ఆడపిల్లలు పింజ్రా తోడ్ అని హాస్టలు వేళల మీద ఉద్యమం చేసినప్పుడు, వీళ్ళకు రాత్రిపూట ఏం పని అని పెద్దమనుషులు అడిగారు. నమూనా అతికించటం పనే గదా! మూడోది సైటు. యాభైమంది కంటే ఎక్కువ స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలని, మరుగుదొడ్లు ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. సైటు ప్లానులో ఆ గది ఎక్కడో ఎవరు గీస్తారు? తల్లి కొంగు పట్టుకుని ఇసుక కుప్ప మీద పెరిగిన పిల్ల ఆర్కిటెక్టు అయితే మర్చిపోతుందా? ఖాయంగా చెప్పలేను, చదువు మనుషుల్ని చాలా మరిపిస్తుంది. అయినా ఆమెకు ఆ అవకాశం రావాలి.

ఇప్పుడు మనం చెయ్యగలిగిన పని. దీనికి కొత్త ప్రాజెక్టు రాయనక్కర్లేదు. మనం చేస్తున్న పనిలోనే ఉంది. భద్రతా తనిఖీ మీలో చాలామంది చేశారు. టొరంటోలో మెట్రాక్ సంస్థ 1989లో రూపొందించిన పద్ధతి అది, ఢిల్లీలో జాగోరి వాళ్ళు విస్తృతంగా చేశారు. స్త్రీలు గుంపుగా వీధిలో నడిచి ఎక్కడ దీపం లేదు, ఎక్కడ పొద ఉంది, మరుగుదొడ్డి ఎంత దూరం అని రాసుకోవటం. మనం దాన్ని ఫారాల్లో నింపి కలెక్టరుకు ఇస్తున్నాం. ఆ ఫారం పక్కన పెట్టి, ఇంటర్ చదివే ఎం.పి.సి. అమ్మాయిల్ని వెంట తీసుకెళ్ళండి. టేపు ఇవ్వండి. వీధి వెడల్పు కొలవమనండి, పటం గీయమనండి, రాత్రి ఏడింటికి అదే చోట నిలబడి నీడ ఎక్కడ పడుతోందో గీయమనండి. సంఘం ఆడవాళ్ళు పదిమంది చుట్టూ ఉంటే ఆ పిల్లను ఎందుకు నిలబడ్డావని ఎవరూ అడగరు, ఇంట్లో కూడా పంపుతారు. మనకు కలెక్టరు తోసిపుచ్చలేని పటం వస్తుంది. ఆ పిల్లకు మూడువందల మార్కుల చదువు వస్తుంది. నెలకు రెండు ఆదివారాలు, రెండేళ్ళపాటు. అంతకంటే మంచి కోచింగు నాకు తెలియదు.

పదో తరగతి పిల్లల దగ్గరికి మాత్రం జనవరిలోగా వెళ్ళాలి. పి.ఆర్.ఓ.లు అప్పటికే తిరుగుతూ ఉంటారు. తల్లుల సమావేశాల్లో గ్రూపుల గురించి ఒక గంట పెట్టండి, ఎం.పి.సి. అంటే ఇంజనీరింగ్ ఒక్కటే కాదని చెప్పండి, పాలిసెట్ తేదీలు గోడ మీద అంటించండి. జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి తెలుగులో కూడా ఉంది. ఆ మాట విని చాలామంది తండ్రులు ఆశ్చర్యపోవటం నేను చూశాను.

నేను నాలుగు టేపులు, గళ్ళ నోటుపుస్తకాలు తెచ్చాను. భోజనాలయ్యాక నాలుగు బృందాలుగా విడిపోయి ఈ శిక్షణా కేంద్రంలోని ఆడవాళ్ళ మరుగుదొడ్లు కొలుద్దాం. తలుపు వెడల్పు, గడియ ఎత్తు, వెలుతురు ఎటునుంచి వస్తోంది, బకెట్టు పెడితే మనిషి నిలబడటానికి ఎంత చోటు మిగులుతోంది, నెలసరి గుడ్డలు పారేయటానికి ఏముంది. గీయటం రాదని ఎవరూ అనొద్దు, గళ్ళు ఉన్నాయి గదా, ఒక గడికి ఒక అడుగు. నిన్న రాత్రి నేను చూశాను, మూడో దానికి గడియ లేదు.